రంగూన్ పురుగు

మొన్న సాయంత్రం తిరుపతిలో మా ఇంటి పెరట్లో నిమ్మమొక్కకు నీళ్ళు పోస్తూ, ఎందుకో ఒక లేత ఆకును వేళ్ళ మధ్య పట్టుకున్నాను. ఆకు మీద వెండిపూత పూసినట్టు మెలికలు తిరిగిన గీత. బొటనవేలితో మెల్లగా నిమిరితే పైపొర ఉల్లిపొరలా కదిలింది. దాని కింద ఖాళీ తెలిసింది. ఆ ఖాళీలో ఎక్కడో, ఆకు పైతోలుకూ అడుగుతోలుకూ నడుమ, కంటికి ఆనీ ఆనని పురుగొకటి మేస్తూ పోతోంది. పక్కింటి అమ్మాయి గోడ మీదుగా చూసి "ఏం తెగులండీ దానికి?" అంది. "తెగులు కాదమ్మా, అందులో ఒకరు కాపురం ఉన్నారు" అన్నాను. అన్నాక ఆ మాట నాది కాదని గుర్తొచ్చింది. నేను దాన్ని మొదటిసారి విని యాభై ఏళ్ళు దాటింది. చెప్పినవాడు రత్నం సారు. ఆయన్ను ఎరిగినవాళ్ళు నేను కాక ఇంకెవరైనా మిగిలి ఉన్నారో లేదో నాకు తెలియదు. అందుకే ఆయన్ను చూడనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మేము రంగూన్ నుంచి వచ్చినవాళ్ళం. నాయన అక్కడ ఒక బియ్యం మిల్లులో తూకాల గుమాస్తా. నేను అక్కడే పుట్టాను, అక్కడి తెలుగు బడిలోనే ఎనిమిదో తరగతి దాకా చదివాను. అమ్మ అక్కడే జ్వరంతో పోయింది. యుద్ధం రంగూన్ మీదికి వచ్చినప్పుడు దొరికిన ఓడ ఎక్కి మద్రాసులో దిగి, అక్కడి నుంచి రైల్లో రేణిగుంటకు చేరాం. నాయన పుట్టిన ఊరు ఆ స్టేషను నుంచి నడిచి వెళ్ళేంత దూరం. మా చేతిలో ఒక ట్రంకుపెట్టె, రెండు దుప్పట్లు తప్ప ఏమీ లేవు. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. నాయనకు అన్న వరసైన చెంగల్రాయుడు పెదనాయన అన్నాళ్ళూ మా వాటా చేను తనే సాగు చేసుకుంటూ ఉండి, మేము రాగానే రెండో మాట లేకుండా అప్పగించాడు. విత్తడానికి చెనక్కాయలు కూడా తన గాదె నుంచే కొలిచి ఇచ్చాడు. ఈ సంగతి ముందే చెబుతున్నాను, తర్వాత జరిగినదాన్ని బట్టి ఆయన్ను చెడ్డవాడని ఎవరూ అనుకోకూడదు.

ఆ ఏడు మొదటి వాన పదునుకే, ఊళ్ళో అందరికంటే ముందు, నాయన విత్తేశాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మడక పట్టి దున్నినవాడి తొందర అది. చేను పచ్చగా పరుచుకుంది. రోజూ పొద్దున్నే వెళ్ళి గెనిమ గట్టు మీద నిలబడి ఊరికే చూసి వచ్చేవాడు. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. శ్రావణం ఎండగా గడిచింది. ఒకరోజు ఆకుల మీద గోధుమరంగు చుక్కలు కనిపించాయి. కొన్నాళ్ళకు ఆ చుక్కలు బొబ్బల్లా ఉబ్బాయి, ఆకులు జంటలు జంటలుగా అతుక్కుని ముడుచుకున్నాయి. భాద్రపదం వచ్చేసరికి దూరం నుంచి చూస్తే చేనికి ఎవరో నిప్పు పెట్టి ఆర్పినట్టుంది. మా చేను తర్వాత దాని పక్క చేను, ఆ తర్వాత పెదనాయన చేను.

ఆ పేరు మొదట ఎవరి నోట వచ్చిందో నాకు తెలియదు. బావి దగ్గర నా బిందె పెడుతుంటే పక్కనున్నామె తన బిందెను జరుపుకుంది. "రంగూన్ పురుగంట. పెట్లో గుడ్లు పెట్టుకోని వచ్చినారంట" అంది ఇంకొకామె, నాకు వినపడేట్టే. వారం తిరక్కుండా అది ఊరంతా మాట అయింది. కలుపుకు వచ్చే కూలోళ్ళు మా చేనికి రావడం మానుకున్నారు. రాత్రి నాయన అన్నం ముందు కూర్చుని, "అమ్మీ, ఆడ ఉన్నన్నాళ్ళూ మనల్ని ఇండియావోళ్ళు అన్నారు, ఈడికొస్తే రంగూనోళ్ళు అంటా ఉండారు" అన్నాడు. అందులో కోపం లేదు. అలసట ఉంది. చేను పెదనాయనకే అమ్మేసి మద్రాసులో ఏదైనా మిల్లు చూసుకుందామనే ఆలోచన ఆయనకు అప్పుడే మొదలైందని తర్వాత తెలిసింది.

రత్నం సారు వచ్చింది ఆ రోజుల్లో. వ్యవసాయ శాఖలో డిమాన్‌స్ట్రేటర్. ఆ మాట మా ఊరివాళ్ళ నోట 'దిమాస్టరు' అయిపోయింది. చిత్తూరు దగ్గర ఒక పల్లెలో క్రైస్తవ కుటుంబం ఆయనది. తండ్రి కూలిపని చేసి, మిషను బడిలో చదివించాడట. పొట్టిమనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయేమో, నెత్తిన టోపీ, మోకాళ్ళ కిందికి దిగే ఖాకీ నిక్కరు, గొలుసు ఊడిపోతూ ఉండే సైకిలు. ఎప్పుడు చూసినా చేతులకు ఆ గొలుసు మసి. మొదటిసారి వచ్చినప్పుడు పెదనాయన వాకిట్లో, అరుగు కింద నిలబడే మాట్లాడాడు. ఎక్కి కూర్చోమని ఎవరూ అనలేదు, ఆయనా ఎదురుచూడలేదు. తర్వాత మా చేను గట్టున నిలబడి, నాలుగు ఆకులు తుంచి, "ఇది మచ్చ తెగులు. ముదిరిన ఆకులన్నీ పీకి పూడ్చిపెట్టండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

తెగులు అనే మాట మాకు ఇంకా కీడు చేసింది. తెగులంటే అంటుకునేది కదా. మా చేను మొత్తం దున్నేస్తే తప్ప ఊరి చేలు నిలవవని పెద్దలు అనుకోవడం మొదలుపెట్టారు. అయితే వారం రోజుల్లోనే రత్నం సారు మళ్ళీ వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. ఈసారి ఊళ్ళోకి పోకుండా నేరుగా మా చేనికి వచ్చి, సైకిలు గెనిమ మీద పడేసి, సాళ్ళ మధ్య నేల మీద కూర్చున్నాడు. నాయనా నేనూ దగ్గరికి వెళ్ళాం. ఆయన తల ఎత్తలేదు. ముడుచుకున్న ఒక ఆకును గోటితో మెల్లగా విప్పాడు. లోపల పల్చని పట్టుగూడు, దాని నడుమ నల్లతల, పచ్చటి ఒళ్ళు, బియ్యపుగింజంత పురుగు. వెలుతురు తగలగానే వెనక్కి వెనక్కి పాకింది.

"పోయినసారి నేను నిలబడి సూసినా. కూసోని సూసి ఉండాల్సింది" అన్నాడు, మాతో అన్నాడో తనతో అనుకున్నాడో.

అక్కడి నుంచి ఆయన పెదనాయన వాకిటికి పోయాడు. మేమూ వెనకే వెళ్ళాం. పది మంది చేరాక, అదే అరుగు కింద నిలబడి, "పోయిన వారం నేను సెప్పింది తప్పు. ఇది తెగులు కాదు, ఆకులో కాపురం ఉండే పురుగు. నా మాట ఇని ఎవరన్నా ఆకు పీకింటే ఆ కష్టం నా వల్ల పడినారు" అన్నాడు. నెత్తిన టోపీ ఉన్న మనిషి తప్పు చెప్పానని నలుగురిలో ఒప్పుకోవడం అంతకుముందు అక్కడ ఎవరూ చూసి ఉండరు.

పెదనాయనే తేరుకున్నాడు. "సరేప్పా, పురుగే. అది యాడినుంచి వచ్చినాది?"

"తెలీదు. సూడాల."

"నీకు తెలీకుంటే మాకు తెలుసులే" అన్నారెవరో వెనకనుంచి. నాయన తల దించుకున్నాడు. పెదనాయన మా వైపు చూడకుండా, పున్నమిలోపు మా చేను దున్నేయాలని ఊరు అనుకుంటున్నట్టు చెప్పాడు.

రత్నం సారు అప్పుడు చేతులు కట్టుకుని ఒక్కటే అడిగాడు. "ఆ పురుగుకు ఒక్క తరం గడువు ఇయ్యండయ్యా. అది గుడ్డు పగిలి, పెరిగి, రెక్కలొచ్చి, మళ్ళా గుడ్డు పెట్టేదాకా. నెల కూడా పట్టదు. దాని పుట్టుక తెలిస్తే యాడినుంచి వచ్చినాదో తెలస్తాది. అప్పుడు కూడా నేను తెలీదంటే మీ ఇష్టం." పెదనాయన చాలాసేపు ఆలోచించి సరే అన్నాడు. ఆ సరే అనడం వల్లే నేను ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

మరునాడు ఆయన సైకిలు వెనక ఒక గంపలో గడ్డి పరిచి లాంతరు గాజుచిమ్నీలు తెచ్చాడు. ఒక్కోదాన్నీ తడిమట్టి చిప్పలో నిలబెట్టి, అందులో చెనక్కాయ రెమ్మ గుచ్చి, పైన మల్లుగుడ్డ కట్టి, మా వసారాలో నీడన వరసగా పెట్టాడు. "పాపా, నేను రోజూ రాలేను. నా సర్కిల్లో ఇంగా శానా ఊర్లు ఉండాయి. నీకు కండ్లు బాగుండాయి. ఓపిక ఉండాదా?" అని అడిగాడు. ఉందన్నాను. "ఉండాదో లేదో ఇప్పుడు తెలీదులే, సూద్దాం" అని నవ్వి భూతద్దం ఒకటి నా చేతిలో పెట్టాడు.

నాయన ఆయనకు మా ఇత్తడి చెంబుతో నీళ్ళిచ్చాడు. ఆయన చెంబు అందుకోకుండా దోసిలి పట్టాడు. నాయన ఆ దోసిలి వైపు చూసి, "మా ఇంట్లో అదేం లేదప్పా. ఓడలో వచ్చేటప్పుడు అందరం ఒక బకెట్లోనే ముంచుకోని తాగినాం" అని చెంబు చేతిలో పెట్టాడు. రత్నం సారు దాన్ని ఎత్తి తాగాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆయన కూర్చునేది మా వసారాలోనే.

ఆ నెల రోజులూ నేను చూసింది నా జన్మలో మళ్ళీ చూడలేదు. మొదట, చేనులో పట్టి చిమ్నీల్లో వదిలిన చిలుకలు, అంటే రెక్కలొచ్చిన పురుగులు, బూడిదరంగువి. గింజంత ఉంటాయి, రెక్క అంచున లేతరంగు చుక్క ఒకటి. పగలంతా ఆకు చాటున కదలకుండా ఉండి, పొద్దు వాలాక లేస్తాయి. ఆకు అడుగున, ఈనె పక్కన, ఒక్కొక్కటిగా గుడ్లు పెట్టాయి. తెల్లగా, మెరుస్తూ, ఇసుక రేణువుకంటే చిన్నవి. మూడు నాలుగు రోజుల్లో ఆ చోట సూదిమొనంత రంధ్రం. పురుగు కనపడదు. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మాత్రం రెండు పొరల మధ్య నల్లటి నలుసొకటి మెదులుతూ కనిపించేది. అక్కడ తిన్నంత మేరా పల్చబడి గోధుమరంగు బొబ్బ అయ్యేది. ఒళ్ళు పెరిగి ఆ గది చాలనప్పుడు బయటికి వచ్చి, తన నోటి దారంతో రెండు ఆకుల్ని దగ్గరికి లాగి కుట్టేసుకుని, ఆ మడతలో మేసేది. అందులోనే గూడు కట్టి నిద్రపోయేది. వారానికి అటూ ఇటూగా ఒక ఉదయం ఆ మడతలోంచి బూడిదరంగు చిలుక బయటికి నడిచి వచ్చింది. రెక్కలు ఇంకా తడిగా ఉన్నాయి. నేను చేనులో ఉన్న నాయన్ను కేకేసి పిలిచాను. ఊరినుంచి మమ్మల్ని వెళ్ళగొట్టబోతున్న ప్రాణి అది. అయినా దాన్ని చూస్తుంటే నాకు పగ రాలేదు. దాని పని అది చేసుకుంటోంది.

చేనులోంచి ముడుచుకున్న ఆకుతో సహా తెచ్చిన పురుగును పెట్టిన ఒక చిమ్నీలో మాత్రం చిలుక రాలేదు. గూడుకు చిల్లు పడి, నల్లచీమకు రెక్కలు మొలిచినట్టున్న ఒక చిన్న కందిరీగ బయటికి వచ్చి గాజుకు కొట్టుకుంటోంది. నేనేదో చెడగొట్టాననుకున్నాను. రత్నం సారు రాగానే బిక్కమొహంతో చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, నేల మీద చతికిలబడ్డాడు.

"నువ్వేం సెడగొట్టలేదు పాపా. ఇది మన పురుగు ఒంట్లో గుడ్డు పెట్టి, దాన్ని తిని పెరిగింది. మనకు తెలీకుండానే మన సేన్లో మనకోసం ఒకరు పని సేస్తా ఉండారు."

ఆ మాట విన్న నాయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

గడువు సగం దాటాక నాకో సంగతి తట్టింది. మేము విత్తిన కాయలు రంగూన్‌వి కావు. ట్రంకుపెట్టెలో తెచ్చినవీ కావు. పెదనాయన గాదెలోవి. నాయన పెద్దవాడి మీద మాట రాకూడదని నోరు విప్పలేదు. నేను మాత్రం రత్నం సారు రాగానే దాన్ని చెప్పేశాను. చేతికి కత్తి దొరికినట్టుంది నాకు. "ఈ ముక్క నలుగురిలో సెప్పండి సారూ. పురుగు ఆయన విత్తనాల్తోనే వచ్చిందని సెప్తే ఇంగ ఎవురూ మమ్మల్ని ఏమీ అనరు."

ఆయన నన్ను ఓ మూలనున్న చిమ్నీ దగ్గరికి తీసుకెళ్ళాడు. అందులో ఆకు లేదు. మేము విత్తగా మిగిలిన కాయలు వలిచి ఆయనే మొదటిరోజు వేసి పెట్టాడు. "దీంట్లోనుంచి ఏమన్నా వచ్చినాదా?"

"లేదు."

"రాదు. అది విత్తనంలో ఉండే పురుగు కాదు. పచ్చాకులో పుట్టి పచ్చాకులో బతికేది. ఆయన విత్తనం అని మనం అంటే ఊరు నమ్ముతాది. మీ మింద ఉండే నింద లేసి ఆయన మింద కూసుంటాది. అదీ అబద్ధమే గదా పాపా."

"మమ్మల్ని అన్నప్పుడు వాళ్ళు అబద్ధమని ఆలోసించినారా?" అన్నాను. ఏడుపొచ్చింది.

"లేదు. వాళ్ళకు తెలీదు. మనకు తెలుసు" అన్నాడు. అంతకంటే నన్ను బుజ్జగించలేదు. చిన్నప్పుడు తమ పల్లెలో కలరా వస్తే పక్క ఊరివాళ్ళు తమ వాడకే నిప్పు పెట్టబోయిన సంగతి మాత్రం, గొలుసు సరిచేసుకుంటూ, ఎవరిదో కథ చెప్పినట్టు చెప్పాడు. ఆ రాత్రంతా నాకు ఆయన మీద కోపం. గెలిపించే మాట చేతిలో ఉండగా దాన్ని కింద పెట్టేయమనే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మరుసటి వారం ఆయన నన్నూ నాయన్నూ గెనిమల వెంబడి నడిపించాడు. చెనక్కాయ ఆకు లేని చోట పురుగు ఎక్కడ ఉంటుందో వెతకడం పని. తుమ్మ చూశాం, వెంపలి చూశాం, తంగేడు చూశాం, ఏమీ లేదు. రైలుకట్ట పక్కన, చుట్టుపట్ల చెనక్కాయ చేనే లేని బంజరులో, మోకాలెత్తున బావంచ మొక్కలు గుబురుగా ఉన్నాయి. ఒంటికి మచ్చలొస్తే దాని గింజలు నూరి పూస్తారు, ఊళ్ళో అందరికీ తెలిసిన మొక్కే. నాయన ఒక ఆకు ముడత విప్పాడు. నల్లతల, పచ్చటి ఒళ్ళు. ఇంకొకటి విప్పాడు. అక్కడా అదే. సైనికుల రైలొకటి మద్రాసు వైపు పోతుంటే, కట్ట కింద మేము ముగ్గురం బావంచ ఆకులు విప్పుకుంటూ నవ్వుతున్నాం. చూసినవాళ్ళు పిచ్చివాళ్ళనుకుని ఉంటారు.

అయినా ఆయనకు అది చాలలేదు. ఒక్క చోట చూసి చెప్పి ఒకసారి తప్పాను కదా అన్నాడు. సెలవు పెట్టి, ఆ గొలుసు ఊడే సైకిలు మీద శ్రీకాళహస్తి మీదుగా తడ దాకా, అరవదేశం పొలిమేర దాటి ఇంకా దిగువకు పోయి వచ్చాడు. తిరిగొచ్చేసరికి మొహం నల్లగా మాడిపోయి ఉంది. "దారంతా ఉండాది పాపా. బావంచలో ఉండాది, కందిసేన్లలో ఉండాది, సెనక్కాయలో ఉండాది. ఈ పక్కా ఉండాది, ఆ పక్కా ఉండాది. వాన పడిన ఊర్లలో తక్కువ, ఎండిన ఊర్లలో ఎక్కువ. అంతే తేడా" అన్నాడు.

గడువు రోజు ఊరు పెదనాయన కళ్ళంలో కూడింది. అరుగులు లేని చోటు, అందరూ నేల మీదే కూర్చున్నారు. రత్నం సారు చిమ్నీలు తెచ్చి మధ్యలో పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది సూసింది ఈ పాప. ఈమే సెప్తాది" అన్నాడు. గుడ్డు దగ్గర మొదలుపెట్టాను, ఇక ఆగలేదు. ఆకులోకి ఎట్లా దూరుతుందో, ఎట్లా మడత కుట్టుకుంటుందో, రెక్కలు ఎట్లా వస్తాయో, చూసింది చూసినట్టు చెప్పాను. ఆడవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. బావి దగ్గర బిందె జరుపుకున్నామె భూతద్దం అడిగి తీసుకుని చూసింది.

తర్వాత రత్నం సారు అందుకున్నాడు. "ఇది ఆకు మిందనే గుడ్డు పెడతాది. కాయలో పెట్టదు, గుడ్డలో పెట్టదు, పెట్లో పెట్టదు. పురుగుకు పచ్చాకు లేకుంటే బతుకే లేదు. ఓడలో అన్నాళ్ళు పచ్చాకు యాడ ఉంటాది?"

"మరి వాళ్ళ సేన్లోనే ముందు ఎందుకు పడినాది?" పెదనాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

"ముందు విత్తింది వాళ్ళు. ముందు పచ్చబడిన సేను దానికి ముందు దొరికినాది. ఎవురు ముందు విత్తినా అంతే" అని, రైలుకట్ట బంజరునుంచి తెచ్చిన బావంచ కొమ్మ ఆయన చేతికిచ్చాడు. "ఇప్పి సూడండయ్యా."

పెదనాయన గెనిమ మీదా బావంచ ఉంది, దాంట్లోనూ పురుగుంది. మేమంతా చూశాం. రత్నం సారు ఆ కొమ్మ తేలేదు. ఎవరిదీ కాని నేల మీది కొమ్మ తెచ్చాడు. నాకు ఆ సంగతి అక్కడ కూర్చున్నప్పుడే అర్థమైంది, నా కోపం అప్పుడే పోయింది.

పెదనాయన ఆకు విప్పి, కళ్ళు చికిలించి చూస్తుండగా ఆయన తల్లి మునెమ్మవ్వ కర్ర పట్టుకుని లేచి వచ్చింది. ఎనభైకి దగ్గర్లో ఉంది. పుట్టిల్లు తడ పక్కన. చూపు సరిగ్గా ఆనక ఆకును వేళ్ళతో తడిమింది. "సురుల్‌పూచి గదరా ఇది?" అంది.

"ఏం పూచి అవ్వా? మళ్ళా సెప్పు" అని రత్నం సారు ముందుకు వంగాడు.

"సురుల్‌పూచి. అరవంలో సుట్ట సుట్టుకునేదాన్ని సురుల్ అంటారు. సెనక్కాయ ఆ పక్క కొత్తగా వచ్చిన కాలంలో, నేను పావడా కట్టుకునే పొద్దు, మా నాయన సేన్లో పడినాది. వాన లేని ఏడు. మా నాయన తల మింద సెయ్యి పెట్టుకోని కూసున్యాడు. మళ్ళ వాన వచ్చినాది, అది పోయినాది." కొడుకు వైపు తిరిగి, "ఇది పడినప్పుడే ఆకు తెచ్చి అడిగింటే అప్పుడే సెప్పుందును గదరా. ఎవురూ అడగలా" అంది.

ఎవరో నవ్వారు. తర్వాత పెదనాయన కూడా నవ్వాడు. క్షమాపణలు మా ఊరి వాడుకలో లేవు. "అయితే ఇంగ ఏం సేద్దాం?" అన్నాడు, మా నాయన వైపు చూసి. నెల తర్వాత ఆయన మా నాయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

కిరసనాయిలు రేషను మీద దొరికే కాలం. అయినా ప్రతి ఇంటివాళ్ళూ తమ వంతులోంచి కాస్త పోశారు. పొద్దు వాలే వేళకు చేల నడుమ వెడల్పాటి మట్టిచట్లలో నీళ్ళు పోసి, మధ్యలో రాయి మీద దీపం పెట్టాం. చిలుకలు దీపానికి వచ్చి నీళ్ళలో పడేవి. గెనిమల మీది బావంచ అంతా ఆడామగా కలిసి పీకేశారు. మా గెనిమ మీద పీకింది పెదనాయన మనుషులే. ఒక సాయంత్రం దీపాలు వెలిగించి వస్తుంటే మునెమ్మవ్వ రత్నం సారును కేకేసి, ఇంట్లో వాడే గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. పెదనాయన చూశాడు, ఏమీ అనలేదు. తర్వాత కొన్నాళ్ళకు వానలు పడ్డాయి. కురిసిన నాలుగు రోజులకు చేలల్లో కొత్త ఆకు పచ్చగా వచ్చింది. పంట సగమే దక్కింది, కానీ దక్కింది. నాయన మద్రాసు మాట మళ్ళీ ఎత్తలేదు.

దీపాలు పెట్టడం వల్లే పురుగు పోయిందని ఊరు పొగిడితే రత్నం సారు ఒప్పుకోలేదు. "వాన సేసింది ఎక్కువ, మనం సేసింది తక్కువ. ఆ తక్కువనే వచ్చే ఏడు ముందుగా సేద్దాం. అందరూ ఒకే పదునుకు విత్తండి, తొలకరికి ముందే బావంచ పీకండి" అన్నాడు. మరుసటి ఏడు అట్లాగే చేశారు. ఆ ఏడు ఆకుముడత పడింది, కానీ చేను మాడలేదు. అప్పటికి ఆ పురుగును అందరూ అవ్వ చెప్పిన పేరుతోనే పిలుస్తున్నారు.

ఆయనకు అనంతపురం వైపు బదిలీ అయినప్పుడు చెప్పడానికి వచ్చి, నాయనతో "ఈ పాపను సదివించండప్పా" అన్నాడు. ఆడపిల్లను చిత్తూరు దాకా పంపి టీచరు ట్రైనింగుకు చేర్చడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఊరు ఏమనుకుంటుందోనని నాయన వెనకాడితే, పెదనాయనే బండి కట్టించాడు. రత్నం సారును నేను మళ్ళీ చూడలేదు. కొన్నేళ్ళ తర్వాత ఎవరో చెప్పగా విన్నాను, ఉద్యోగంలో ఉండగానే పోయాడని. ఎక్కడ పూడ్చారో కూడా నాకు తెలియదు.

నేను చాలా ఏళ్ళు ఒక ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌గా ఉన్నాను. ఒకసారి పిల్లలకు వరసగా వాంతులు పట్టుకున్నాయి. కొత్తగా చేరిన వంటామె చేతి మహిమ అని పిల్లల తల్లిదండ్రులు గేటు దగ్గర చేరారు. ఆమె ఏ వాడనుంచి వచ్చిందో అందరికీ తెలుసు, అందుకే ఆ మాట అంత తొందరగా పుట్టింది. పాలు పోసే మనిషితో నాకు అప్పటికే పడదు. వేలు అతని వైపు చూపిస్తే చాలు, వంటామె బయటపడుతుంది, నాకూ అతని పీడ విరగడవుతుంది. గుంపంతా నా నోటి వైపే చూస్తోంది. "నాకు తెలియదు, చూస్తాను" అన్నాను. వార్డెనై ఉండి తెలియదంటావా అని తిట్టారు. తిట్టనిచ్చి, నీళ్ళ దగ్గర మొదలుపెట్టి వంటింటి దాకా ఒక్కొక్కటే నేల మీద కూర్చుని చూశాను. బావి ఒరకు బీట పడి పక్క కాలువ నీళ్ళు లోపలికి ఊరుతున్నాయి. బావి బాగుచేయించాం, పిల్లలు కోలుకున్నారు. వంటామె పదవీ విరమణ దాకా మాతోనే ఉంది.

తెలియదని చెప్పడం నాకు ఇప్పటికీ ఒక్క క్షణం కష్టమే. ఎదుటివాళ్ళ కళ్ళల్లో మన విలువ తగ్గడం కనిపిస్తుంది. ఆ క్షణం దాటితే మాత్రం పని మొదలవుతుంది, ఎవరి మీదా రాయి పడకుండా.